అండమాన్ డ్రాఫ్ట్: ఇల్లంతా సముద్రం దాటాం

2018 మొదట్లో మావారికి పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు) డ్రాఫ్ట్, అంటే నేవీలో బదిలీ ఆర్డరు, వచ్చింది. అప్పటికి ఆయన నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసరు. మేం విశాఖలో నౌసేనాబాగ్ క్వార్టర్లలో ఉంటున్నాం. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి పూర్తి చేస్తున్నారు. ఇద్దరూ కేంద్రీయ విద్యాలయంలోనే. మా అత్త కూడా మాతోనే ఉండేది. ఆమెకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి.

ముంబైలోని సెయిలర్ల బ్యూరో నుంచి వచ్చే ఆ కాగితంలో ఒక్క మనిషి పేరు, సర్వీసు నంబరు, హాజరు కావాల్సిన తేదీ ఉంటాయి. మిగతా నలుగురం ఎప్పుడు వెళ్లాలి, ఎలా వెళ్లాలి, వెళ్లి ఏ ఇంట్లో దిగాలి అన్నది అందులో ఉండదు. అదంతా ఇంట్లోవాళ్లే తేల్చుకోవాలి. ఈ మధ్య మా చుట్టాల్లో ఒకమ్మాయి భర్తకి అదే ఊరు ఆర్డరు వచ్చింది. ఆ అమ్మాయి ఫోన్లో అడిగినవాటికి జవాబులు చెప్తూ, ఇదంతా ఒకచోట రాసిపెడితే మంచిదనుకున్నాను.

మొదట తేలాల్సింది అందరం వెళ్లాలా, ఆయన్నొక్కరినే పంపాలా అన్నది. ఆయన తోటివాళ్లు చాలామంది "అండమానైతే ఫ్యామిలీని ఇక్కడే ఉంచెయ్, పిల్లల చదువు పాడవకుండా ఉంటుంది" అన్నారు. విశాఖలో క్వార్టర్సు ఉంచుకునే వీలు కూడా ఉందన్నారు. మా అమ్మది కూడా అదే మాట. 2004 సునామీ టీవీలో చూసినదగ్గర్నుంచి అండమాన్ అంటేనే ఆమెకి వణుకు. కార్ నికోబార్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లో ఉద్యోగులూ, వాళ్ల ఇళ్లల్లోవాళ్లూ కలిపి వందమందికి పైగా ఆ పొద్దున్న కొట్టుకుపోయారు. అది క్వార్టర్లలో జరిగింది. సెయిలర్ భార్యలం ఎవరం ఆ సంగతి మర్చిపోలేదు.

నేను మాత్రం వెళ్లాలనే గట్టిగా అన్నాను. దానికి కారణముంది. అంతకు ముందు ఆయన ఓడ మీద పోస్టింగులో ఉన్నన్నాళ్లూ ఒకే ఊళ్లో ఉన్నామన్న పేరే గాని, సెయిలింగుకి వెళ్తే వారాలకి వారాలు రారు. బాబు నడక నేర్చింది ఆయన ఫోటోల్లో చూశారు. పోర్ట్ బ్లెయిర్లో ఆయనకి వచ్చింది ఒడ్డు మీద పని, నౌకా మరమ్మతు యార్డులో. పొద్దున్న వెళ్లి సాయంత్రం ఇంటికొచ్చే ఉద్యోగం. విశాఖలో ఉండిపోతే మళ్లీ మూడేళ్లు పిల్లలకి నాన్న ఫోన్లోనే. నాకది ఇష్టం లేదు. ఇప్పటికీ ఎవరడిగినా నేను చెప్పేది ఇదే: ఒడ్డు మీద పోస్టింగైతే, ఇంట్లో పెద్ద జబ్బులు లేకపోతే, కుటుంబమంతా వెళ్లండి.

మా అత్తది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి వైపు సముద్రపొడ్డు ఊరు. నిన్ను తమ్ముడి దగ్గర ఉంచుదామనుకుంటున్నాం అని మావారు మెల్లిగా కదిపితే, "ఆడెక్కడుంటే అదే నా ఇల్లు. నన్ను ఒగ్గేసి ఎల్లిపోదామనుకుంటన్నారేటి?" అని నాకేసి చూసి అడిగింది. ఆ మాటతో అయిదుగురి ప్రయాణం ఖాయమైంది.

అసలు పని అక్కడ మొదలైంది. మూడు తేదీలు కలవాలి. ఆయన హాజరు కావాల్సిన తేదీ, పిల్లల స్కూలు, అక్కడ ఇల్లు దొరికే రోజు. ఇవి వాటంతట అవి ఎవరికీ కలవవు. ఆయన ఏప్రిల్లో వెళ్లాలి. అక్కడ క్వార్టర్సుకి వెయిటింగ్ లిస్టు ఉంది, పేరు రాయించుకునేది కూడా వెళ్లి హాజరైన తర్వాతే. పిల్లల టీసీ ముందే తీసేస్తే అక్కడ సీటు రాసుకునేదాకా ఎటూ కాకుండా ఉంటారు. అందుకని ఆయన ముందు వెళ్లి క్వార్టర్సుకి దరఖాస్తు పెట్టి, ఒక అద్దె ఇల్లు చూడటం, వేసవి సెలవులు ముగిసేలోపు మేం వెళ్లడం అని అనుకున్నాం. కేంద్రీయ విద్యాలయాల్లో డిఫెన్సు ట్రాన్స్‌ఫర్ పిల్లలకి ముందు వరసలో చోటిస్తారు గనక ఆ బెంగ తక్కువ. టీసీ, రిపోర్టు కార్డులు, ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కాపీ ఉంటే చాలు. ఇంట్లో పిల్లలు ప్రైవేటు స్కూల్లో చదువుతుంటే మాత్రం ఇంకా ముందు నుంచే కదలాలి.

కాగితాల పని విసుగు పుట్టిస్తుంది గాని, అందులో రెండు సంగతులు చెప్పాలి. ఒకటి, అత్త పేరు డిపెండెంటుగా సర్వీసు రికార్డులో ఉందా లేదా అన్నది ముందే చూసుకోవాలి. జెన్‌ఫారం (సర్వీసు రికార్డులో వివరాలు ఎక్కించే నేవీ కాగితం) సరిగ్గా పడి, డిపెండెంట్ కార్డు చేతిలో ఉంటేనే అక్కడి నేవీ ఆసుపత్రిలో చూస్తారు, ప్రయాణ ఖర్చులు బిల్లులో వస్తాయి. రెండు, డబ్బు. మామూలు బదిలీకి ట్రాన్స్‌ఫర్ గ్రాంటు నెల బేసిక్‌లో 80 శాతం. అండమాన్, నికోబార్, లక్షద్వీప్‌లకి వెళ్లినా, అక్కణ్ణుంచి తిరిగొచ్చినా బేసిక్ మొత్తం ఇస్తారు. అది చేతికి రావడానికి టైము పడుతుంది. సామాను, టికెట్లు, అద్దె ఇంటి అడ్వాన్సు ఇవన్నీ ముందు మన జేబులోంచే వెళ్తాయి. కొంత సొమ్ము విడిగా పెట్టుకోకుండా ఈ ప్రయాణం పెట్టుకోవద్దు.

సామాను దగ్గర నాకు సాయం చేసింది అప్పటికే అండమాన్‌లో ఉండి వచ్చిన నేవీ ఇళ్ల ఆడవాళ్లు. అసోసియేషన్ మీటింగు అయ్యాక వాళ్లని పట్టుకుని కూర్చునేదాన్ని. వాళ్లు చెప్పిన మొదటి మాట: చెక్క సామాను తేవద్దు. క్వార్టర్లో మంచాలు, బల్లలు, కుర్చీలు ఎం.ఇ.ఎస్. (క్వార్టర్లు చూసుకునే మిలిటరీ ఇంజనీరింగ్ శాఖ) వాళ్లు ఇస్తారు. మనం తీసుకెళ్లిన చెక్కకి అక్కడి తేమకి బూజు, చెద. మా పెళ్లినాటి టేకు బీరువా మా పుట్టింటికి పంపేశాను. తోలు చెప్పులు, తోలు బ్యాగులు కూడా అంతే. పట్టుచీరలు నాలుగే పెట్టుకున్నాను, వాటిని నెలకోసారి తీసి గాలికి ఆరేయాల్సి వచ్చేది. ఇనప సామాను ఏదైనా సరే తుప్పే. ప్లాస్టిక్ డబ్బాలు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు ఎన్నుంటే అంత మంచిది. పప్పులూ, కారం, పచ్చళ్లూ వాటిల్లోనే నిలుస్తాయి. ఆ ఏడాది ఆవకాయ నేను ఇక్కడే పెట్టేసి, జాడీలో కాకుండా చిన్న చిన్న డబ్బాల్లో సర్ది తీసుకెళ్లాను. పెద్ద జాడీ ఒకసారి తెరిస్తే ఆ గాలికి పైన తెల్లగా బూజు కట్టేస్తుంది.

పెద్ద సామాను ప్యాకర్లు పట్టుకెళ్లారు. విశాఖ నుంచి లారీలో చెన్నై, అక్కణ్ణుంచి కంటైనర్లో హాడో రేవు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను, వంటగిన్నెలు, పుస్తకాలు, బండి అన్నీ అందులోనే. బండిలో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్ఓసీ కావాలి. (ఇప్పుడు డిఫెన్సు వాళ్లకి 2021లో వచ్చిన బి.హెచ్. సిరీస్ నంబరుంది గనక, కొత్త బండి కొనేవాళ్లు అది తీసుకుంటే రాష్ట్రం మారినప్పుడల్లా ఈ తిరుగుడు ఉండదు.) సామాను ఫలానా రోజుకి వస్తుందని ఎవరు చెప్పినా ఆ రోజుకి రాదు. మాది అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది. ఫ్రిజ్జు తలుపు సొట్ట పడి వచ్చింది. నాలుగు పళ్లేలు, కుక్కరు, దుప్పట్లు, మందులు, స్కూలు యూనిఫాములు, అన్ని ఒరిజినల్ కాగితాలు మనతోనే రావాలి. ఇవి కంటైనర్లో వేస్తే అక్కడ మళ్లీ కొనుక్కోవాలి.

విమానంలో ఎందుకు వెళ్లలేదని చాలామంది అడిగారు. 2016 జులై 22న చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరిన ఎయిర్‌ఫోర్స్ ఎ.ఎన్.-32 విమానం బంగాళాఖాతం మీద కనబడకుండా పోయింది. అందులో ఉన్న 29 మందిలో ఎనిమిదిమంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఆ రోజుల్లో మా క్వార్టర్ల చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా అదే మాట. వెతకని చోటు లేదు. చివరికి దాని ముక్కలు చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతులో ఉన్నట్టు 2024 జనవరిలో తెలిసింది. మేం బయల్దేరేనాటికి ఆ ఇళ్లవాళ్లకి ఏ కబురూ లేదు. మామూలు ప్రయాణికుల విమానానికీ దానికీ సంబంధం లేదని తెలిసినా, మా అత్త ఆ దారిన విమానం ఎక్కనంది. నేనూ బలవంతపెట్టలేదు. ఓడ ఎక్కాం.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి సుమారు 1,200 కిలోమీటర్లు, సుమారు 56 గంటల ప్రయాణం. చెన్నై, కోల్‌కతాల నుంచి ఓడలు కాస్త తరచుగా ఉంటాయి. విశాఖ నుంచి నెలకి ఒకటి దొరికితే అదృష్టం. టికెట్లు పోర్టు దగ్గరున్న భానోజీరావు, గరుడ పట్టాభిరామయ్య కంపెనీ ఆఫీసులో ఇచ్చేవారు. బంకు టికెట్టు చాలా చవక. ఓడ అడుగున పెద్ద హాల్లో వరసగా మంచాలుంటాయి. ముసలమ్మ, పిల్లలు ఉన్నారని నేను నాలుగు బెర్తుల కేబిను తీసుకున్నాను. ఆ డబ్బు దండగ కాలేదు. మావారు అప్పటికే అక్కడున్నారు. మా తమ్ముడు పోర్టు గేటు దాకా వచ్చి సామాను ఎక్కించి వెళ్లాడు.

మొదటి రాత్రి బాగానే గడిచింది. రెండో పొద్దున్న నుంచి అలలు పెద్దవయ్యాయి. మే చివర అంటే నైరుతి రుతుపవనాలు అండమాన్‌ని తాకే రోజులు. వీలైతే ఆ నెలల్లో ఓడ ప్రయాణం పెట్టుకోకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. పాపకి, నాకు ఒకటే వాంతులు. బాబు కేబినంతా గంతులేశాడు. మా అత్త మాత్రం ఏమీ కానట్టు కూర్చుంది. "కడుపు కాళీగా ఉంచకండి, పొడిగా ఏదైనా నమలండి, దూరంగా ఒక్క చోటే చూడండి" అని మమ్మల్ని డెక్కు మీదికి లాక్కెళ్లి, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, మరమరాలు, బెల్లం ముక్క, అల్లం ముక్క చేతిలో పెట్టింది. వాళ్ల నాన్న, అన్నలు తెప్ప మీద వేటకెళ్లినవాళ్లు. ఆ రెండు రోజులూ మా అందరికీ పెద్ద దిక్కు ఆమే. ఓడలో డాక్టరున్నాడు, క్యాంటీనుంది, భోజనం మాత్రం మన నోటికి పట్టదు. పులిహోర, పూరీలు, నిమ్మకాయ పచ్చడి తీసుకెళ్తే మొదటి రోజు గట్టెక్కుతుంది. తర్వాత పొడి సరుకే.

బంకు క్లాసు నిండా మనవాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్నుంచి చేపల పనికి, మేస్త్రీ పనికి వెళ్లేవాళ్లు. అత్త వాళ్లతో కలిసిపోయింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అంటూ కదిపితే, మా అత్త మేనమామ మనవడి ఇల్లు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోనే ఉందని ఓడలోనే తెలిసింది.

ఒడ్డు కనబడుతుంటే పిల్లలిద్దరూ రెయిలింగు దగ్గరికి పరిగెత్తారు. నార్త్ బే లైట్‌హౌస్, కొబ్బరి చెట్లు, కొండ. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక బొమ్మలో ఉన్న చోటు ఇదేనని పక్కనున్న ఒకాయన చూపించారు. హాడో రేవులో ఓడ ఆగింది. వాన. మావారు రెయిన్‌కోటులో నిలబడి ఉన్నారు.

క్వార్టర్సు అప్పటికి రాలేదు. జంగ్లీఘాట్‌లో ఒక తెలుగువాళ్ల ఇంటి మేడ మీద అద్దెకి దిగాం. ఆ ఇంటామె మొదటిరోజే "ఏ ఊరమ్మా మీది?" అని అడిగి, వంజరం పులుసు గిన్నె పంపింది. నేను అక్కడ తెలుగు వినబడుతుందని అనుకున్నాను గాని, అంతలా అనుకోలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనమే. జంగ్లీఘాట్ చేపల రేవులో పొద్దున్నే నిలబడితే బేరాలన్నీ మన ఉత్తరాంధ్ర మాటలోనే. కొన్ని కుటుంబాలు రెండు మూడు తరాల కింద వచ్చినవి. వాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ మాట్లాడతారు. అక్కడ బెంగాలీ, తమిళ, మలయాళీ, రాంచీ వాళ్లు (జార్ఖండ్ వైపు నుంచి వచ్చినవాళ్లు) ఎవరు ఎవరితో మాట్లాడినా హిందీయే. ఏడాది తిరిగేసరికి మా అత్త కూడా కూరగాయల బేరం హిందీలో ఆడేది.

వానలు తగ్గుముఖం పట్టాక మిన్నీ బేలో క్వార్టర్సు వచ్చింది. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీటి విషయం తెలిసొచ్చింది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊరు అది, మన విశాఖకి దాదాపు మూడింతలు. అయినా నీళ్లకి కటకటే. ఊరంతటికీ ధానీఖారీ డ్యామే ప్రధాన ఆధారం. కొండల మీద పడ్డ వాన నిలవకుండా సముద్రంలోకి పోతుంది. ఫిబ్రవరి దాటితే కుళాయి రోజు విడిచి రోజు, ఎండలు ముదిరితే అదీ ఉండదు. పెద్ద ట్యాంకున్న ఇల్లు చూసుకోండి. గది ఒకటి తక్కువైనా ఫరవాలేదు.

వెలుతురు లెక్క కూడా వేరు. గడియారం మన ఇండియా గడియారమే గాని, ఊరు ఎంతో తూర్పున ఉంది. మే, జూన్ నెలల్లో 5 గంటలకే సూర్యుడు పైకి వచ్చేస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 దాటగానే చీకటి. స్కూలు నుంచి వచ్చి అన్నం తిని కాసేపు కునుకు తీస్తే, పిల్లలకి ఆడుకోవడానికి వెలుతురుండదు. మేం మా రోజునే ముందుకి జరుపుకున్నాం. 8 గంటలకల్లా భోజనాలు, 9కి పడక. తెల్లవారుజామున లేచి చదువు. పాప చదువు బాగుపడింది ఆ అలవాటుతోనేనని నా నమ్మకం.

బజారు ఓడలతో నడుస్తుంది. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, టమాటా, పప్పు అంతా చెన్నై, కోల్‌కతాల నుంచే. తుపాను వచ్చి ఓడ ఆగిందంటే రెండు రోజుల్లో టమాటా ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. మిలిటరీ క్యాంటీన్లో కూడా సరుకు రాదు. ఉల్లిపాయలు, చింతపండు, నూనె ఎప్పుడూ నెలకి సరిపడా ఇంట్లో ఉండేలా చూసుకునేదాన్ని. కొబ్బరికాయలు, అరటిపళ్లు, చేపలకి మాత్రం లోటు లేదు. ఏ ఆకుకూర దొరికితే అది వండుకోవడం అలవాటైంది. కరివేపాకు మొక్క, మునగ కొమ్మ క్వార్టరు వెనక నాటాను, ఆ వానలకి రెండూ బాగా వచ్చాయి. సాయంత్రాలు సముద్రపొడ్డుకి వెళ్తే సాండ్ ఫ్లై అనే కంటికి కనబడని పురుగు కుడుతుంది. దద్దుర్లు వారం దాకా పోవు. కొబ్బరినూనె ఒంటికి పట్టించుకుని వెళ్లాలి.

భూకంపాల సంగతి దాచను. అది భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న ప్రాంతం, అయిదో జోన్. చిన్న చిన్న కుదుపులు వస్తూనే ఉంటాయి. మొదటిసారి రాత్రిపూట మంచం కదిలినప్పుడు నేను బాబుని ఎత్తుకుని చీకట్లోనే మెట్లు దిగేశాను. తర్వాత మావారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. ఎవరు ఏ తలుపు దగ్గర ఉండాలి, కుదుపు ఎక్కువసేపుంటే ఏ కొండ రోడ్డు మీదికి నడవాలి, టార్చి, కాగితాల సంచీ, అత్త మందులు ఎక్కడుండాలి. సునామీ హెచ్చరికలిచ్చే కేంద్రం 2007 నుంచి మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో ఉందని తెలిసి మా అమ్మ కాస్త కుదుటపడింది. 2004లో అలాంటి కేంద్రమే లేదు. ఆ సంచీ మేం అక్కడున్నన్నాళ్లూ తలుపు పక్కనే వేలాడింది.

అత్త ఆరోగ్యం గురించి నేను చాలా భయపడ్డాను. ఆ తేమలో కాలి వేళ్ల మధ్య పుండు పడింది, షుగరు వల్ల మానలేదు. మిన్నీ బేలోనే నేవీ ఆసుపత్రి ఉంది, ఐ.ఎన్.హెచ్.ఎస్. ధన్వంతరి. అక్కడ రోజూ డ్రెస్సింగు చేసి, మందులు మార్చి నయం చేశారు. ఆ నర్సింగ్ స్టాఫుకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం. అయితే అన్ని రకాల స్పెషలిస్టులూ ద్వీపంలో ఉండరు. పెద్ద ఆపరేషన్లకి చెన్నైకో కోల్‌కతాకో పంపుతారు. గుండె జబ్బున్నవాళ్లు, డయాలిసిస్ అవసరమైనవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం నేను వెళ్లమని చెప్పను. మామూలు బీపీ, షుగరు అయితే విశాఖలోని నేవీ ఆసుపత్రి కల్యాణి నుంచి కేసు కాగితాలన్నీ, మూడు నెలల మందులు తీసుకెళ్తే సరిపోతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది దూరం. మా పెదనాన్న పోయినప్పుడు రాత్రి కబురొచ్చింది. ఓడ లేదు. టికెట్టు దొరికినా చెన్నై మీదుగా ఇంటికి చేరేసరికి అంతా అయిపోతుంది. నన్ను చదివించిన మనిషాయన. చివరి చూపు చూడలేదు. ఇది ఆ ద్వీపానికి వెళ్లే ప్రతి ఇంటివాళ్లూ ముందే మనసులో పెట్టుకోవాల్సిన విషయం. అత్యవసరానికి విమానం టికెట్ల డబ్బు బ్యాంకులో కదపకుండా ఉంచుకోవాలి. అప్పటికీ టైముకి చేరతామన్న హామీ లేదు.

ఫోన్లు, నెట్టు సంగతి ఇప్పుడు వెళ్లేవాళ్లకి అర్థం కాదు. మేం వెళ్లినప్పుడు అంతా శాటిలైటు మీదే. వాట్సాప్‌లో ఒక ఫోటో వెళ్లాలంటే తెల్లవారుజామున లేచి పంపాలి. వీడియో కాల్ అనే మాటే లేదు. ఈలోపు 2020లో లాక్‌డౌన్ వచ్చింది, ఆన్‌లైను క్లాసులన్నారు. పాప అప్పటికి తొమ్మిదో తరగతికి వచ్చింది. టీచర్లు పాఠాలు ఆడియోగా, పేజీల ఫోటోలుగా పంపేవారు. అవి దిగడానికి రాత్రంతా పట్టేది. పొద్దున్న నేను వాటిని నోటుబుక్కులో రాసిపెడితే, పాప చదువుకునేది. ఆ ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు, పోర్ట్ బ్లెయిర్‌తో పాటు కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ లాంటి దూరపు దీవుల దాకా. కొన్నాళ్లకి మా ఇంట్లో నెట్టు విశాఖలోలాగే వచ్చింది. మా అమ్మ ముఖం కదులుతూ కనబడ్డ రోజు నాకు మాట రాలేదు. ఇప్పుడు వెళ్లేవాళ్లు ఆ బెంగ పూర్తిగా వదిలేయొచ్చు. ఉద్యోగం ఇంటినుంచి చేసే భార్యలకి ఇదొక పెద్ద మార్పు.

పిల్లలు ఏం పోగొట్టుకున్నారని ఎవరైనా అడిగితే, కోచింగ్ సెంటర్లు పోగొట్టుకున్నారు. స్కూల్లో తెలుగు లేదు గనక చదవడం, రాయడం నేనే ఇంట్లో నేర్పాను. కానీ బాబు ఈత సముద్రంలో నేర్చుకున్నాడు, వాళ్ల నాన్న దగ్గరుండి నేర్పారు. ఆయన రోజూ ఇంటికొచ్చేవారు. లెక్కలు ఆయనే చెప్పేవారు. బాబుకి వాళ్ల నాన్న కోపం, నవ్వు, గురక అన్నీ తెలిసింది అక్కడే. నేను దేనికోసం పట్టుబట్టానో అది దొరికింది.

కోవిడ్ వల్ల బదిలీలు వెనక్కి జరిగి, 2021లో మళ్లీ విశాఖకే ఆర్డరొచ్చింది. తిరుగు ప్రయాణానికీ అవే పనులు: టీసీలు, కంటైనరు, క్వార్టరు అప్పగింత. ఎం.ఇ.ఎస్. సామాను లెక్కలో ఒక్క కుర్చీ తగ్గినా క్లియరెన్సు రాదు గనక, మొదట దిగినప్పుడు ఇచ్చిన లిస్టు జాగ్రత్తగా దాచుకోవాలి. క్వార్టరు వెనక మునగ చెట్టుని మా తర్వాత రాబోయే పంజాబీ వాళ్లకి చూపించి, ఆకు కూడా వండుకోవచ్చని చెప్పాను.

మా అత్త మాత్రం మాతో బయల్దేరలేదు. జంగ్లీఘాట్‌లో ఆ మేనమామ మనవడి కూతురి పెళ్లి కుదిరింది. "పెళ్లి సూసుకుని వత్తాను, మీరెల్లండి" అంది. ఆ పెళ్లి దగ్గరుండి జరిపించి, వాళ్లవాళ్లతో కలిసి ఓడ మీద వచ్చింది, బంకు క్లాసులో.